సంతకం పెట్టే ముందు

పోయిన నెల మన గోడపత్రిక పల్లెటూరి సంచిక. పదకొండు రచనలు వచ్చాయి. లైబ్రరీకి పోయే దారిలో నిలబడి అన్నీ చదివాను. కోయిల ఏడు చోట్ల కూసింది. స్వచ్ఛమైన గాలి తొమ్మిది చోట్ల వీచింది. అమ్మమ్మ చేతి జంతికలు అయిదు చోట్ల. అవును, లెక్కపెట్టాను, తప్పుగా అనుకోవద్దు. రాసినవాళ్ళలో సగం మంది నా పక్కన కూర్చొని అన్నం తినేవాళ్ళే.

"నిజంగా పల్లె నుంచి వచ్చినదానివి నువ్వు, నువ్వే రాయలేదేం?" అని మేడమ్ అడిగారు. పరీక్షలని చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి వేరే. రాద్దామని కూర్చున్న రోజు సాయంత్రమే మా నాయన ఫోన్ చేశాడు. "సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, రెండు ఫోటోలు ఎత్తుకొని రా పాపా. నీ సంతకం కావాల" అన్నాడు.

భూమి అమ్ముతున్నారు. అమ్మి బెంగళూరుకు పోవాలని ఆలోచన. ఆ ఫోను తరువాత కోయిల గురించి రాయడానికి చెయ్యి రాలేదు.

మాది హోసూరుకు అవతల, తళి వైపు లోపలికి ఉండే ఊరు. పేరు రాసినా మీకు తెలియదు, బస్సు బోర్డు మీద కూడా ఉండదు. కృష్ణగిరి జిల్లా. ఒక పక్క కర్ణాటక సరిహద్దు, ఇంకో పక్క జవళగిరి అడవి. ఆ సీమనంతా పాతవాళ్ళు మొరసునాడు అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. మా ఇంట్లో ఇంకొక మెలిక ఉంది, మా అమ్మది ధర్మపురి దగ్గర తమిళ ఊరు. కాబట్టి ఇంట్లో కోపం తమిళంలో, వంట రెండింటిలో, లెక్కలు తెలుగులో నడుస్తాయి. మాకు బెంగళూరు రెండు గంటల దారి. చెన్నై ఒక రాత్రి.

మూడెకరాల ఇరవై సెంట్లు. అందులో ఎకరంన్నర మల్బరీ తోట, తక్కినది రాగి, అనుములు, నీళ్ళుంటే టమోటా. మా తాత, వాళ్ళ నాయన చేసిన భూమి. హోసూరు 2019లో కార్పొరేషన్ అయింది. అంతకు ముందు నుంచే ఫ్యాక్టరీలు, వాటి వెనకే లేఅవుట్లు రోడ్డు పొడుగునా మా వైపు నడిచి వస్తున్నాయి. ఇప్పుడు మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో రంగు రంగుల రాళ్ళు పాతి, ప్లాస్టిక్ జెండాలు కట్టి ఉన్నారు. ఎకరాలతో లెక్క చెప్పే మా ఊళ్ళో ఇప్పుడు అందరూ సెంట్లతోనే మాట్లాడుతున్నారు.

నా సంతకం ఎందుకు అని మీరు అడగవచ్చు, నేనూ అడిగాను. పిత్రార్జితంలో ఆడపిల్లలకు మగపిల్లలతో సమంగా పుట్టుకతోనే హక్కు ఉందని 1986లో ఆంధ్రలో చట్టం వచ్చింది. తమిళనాట 1989లో వచ్చింది. దేశమంతటికీ 2005లో. అందుకని ఇప్పుడు కొనేవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు, ఇంట్లో మేజరైన ఆడపిల్ల ఉంటే ఆమె వేలు కూడా పడాలి అంటారు. మా అత్తలిద్దరి సంతకాలు ఎప్పుడో అయిపోయాయి, ఒక్కో పట్టుచీరతో. ఇప్పుడు మిగిలింది నేనూ మా తమ్ముడూ. వాడికి పద్నాలుగు, వాడి తరఫున నాయన పెడతాడు. పందొమ్మిదేళ్ళలో మా ఇంట్లో నన్ను ఒక విషయం గురించి అడగడం, నేను ఒప్పుకుంటే తప్ప జరగదు అనడం ఇదే మొదటిసారి. చట్టం ఇంత దూరం వచ్చి మా ఊరి గుమ్మంలో నిలబడిందంటే ఆశ్చర్యమే. కానీ అది కూడా అమ్మేటప్పుడే గుర్తొచ్చింది చూడండి. విత్తేటప్పుడు ఎవరూ నన్ను అడగలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఊరు వదిలి పట్నానికి వచ్చేవాళ్ళు ఏం పోగొట్టుకుంటారు? పోయిన సంచికలో రాసినదంతా, క్షమించాలి, ఊరికి చుట్టంగా పోయినవాళ్ళ జాబితా. నాలుగు రోజులు పోయి, తిని, ఫోటో తీసుకొని వచ్చినవాళ్ళకు కనిపించేవి అవే. గాలి సంగతే తీసుకోండి. టమోటాకు మందు కొట్టే రోజు మా ఊరికి రండి, గాలి ఎంత స్వచ్ఛంగా ఉంటుందో చూపిస్తాను. కోయిల కూస్తుంది, కాదనను. తెల్లవారి నాలుగున్నరకు మంచులో ఆకు కోసేవాళ్ళకు అది వినిపించదు, వినిపించినా వాళ్ళు తిట్టుకుంటారు.

నేను పోగొట్టుకున్నందుకు సంతోషించేవి కూడా ఉన్నాయి, అవి ముందు చెప్పేస్తాను. చీకట్లో టార్చి పట్టుకొని దొడ్డికి పోవడం (ఇప్పుడు ఇంట్లోనే కట్టించాం, నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు). బస్సు దిగినప్పటి నుంచి ఇంటిదాకా నలుగురు "ఎవరి బిడ్డవు మే, ఇంత పొద్దు ఎందుకయింది?" అని అడగడం. నెలలో మూడు రోజులు పురుగుల ఇంటి గడప తొక్కకూడదు అనడం. ఆ మూడు రోజులు ఆకు మాత్రం కోయవచ్చు, మోయవచ్చు. ఆకుకు లేని మైల పురుగుకు ఎట్లా అంటుతుందో మా అవ్వను అడిగితే "నోరు ఎక్కువయింది" అంటుంది. చెన్నైలో రాత్రి ఎనిమిదింటికి వీధి దీపం కింద ఒంటరిగా నడుస్తూ ఉంటే నేను ఎవరి బిడ్డనో ఎవరికీ అక్కరలేదు. మొదటిసారి అట్లా నడిచినప్పుడు మా వీధి చివరి జిరాక్స్ అంగడి దాకా పోయి, పనేమీ లేకపోయినా, తిరిగి వచ్చాను. ఆ నడకను దేనికీ మార్చుకోను. 2021లో ఆడవాళ్ళకు టౌన్ బస్సులో టికెట్టు లేదన్నప్పుడు మా అమ్మ కూడా అట్లాగే ఒకసారి ఊరికే హోసూరు పోయి వచ్చింది. ఏం కొన్నావు అని నాయన అడిగితే "ఒణ్ణుమిల్ల" అంది. ఏమీ లేదు. ఊరికే.

కాబట్టి నేను పల్లె గొప్పది, పట్నం చెడ్డది అనే జట్టు కాదు. అయినా నాయన ఫోన్ పెట్టేసిన తరువాత రాత్రంతా నిద్ర పట్టలేదు. ఏం పోతుందని నాకంత బాధ అని నన్ను నేనే అడుక్కున్నాను. నాకు దొరికిన జవాబు మా అవ్వ.

మా అవ్వకు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆమెకే తెలియదు. మాది పట్టుపురుగుల ఇల్లు. తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. గుడ్లు పొదిగి రెండు జ్వరాలు దాటిన చిన్న పురుగులను చాకీ అంటారు, అవి పెంచి అమ్మే చోటు నుంచి తెచ్చుకుంటాం. పురుగు కుబుసం విడవడానికి మేత మాని తల ఎత్తి కదలకుండా ఉంటుంది కదా, దాన్నే జ్వరం అంటారు మా వైపు. అట్లాంటివి నాలుగు. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వేయకూడదు, సున్నం చల్లాలి. అన్నీ లేచినాక వేయాలి. కొన్ని లేచి కొన్ని లేవనప్పుడు వేస్తే ముందు లేచినవి తిని పెద్దవయి, వెనకవి చిన్నవిగానే ఉండి, పంట రెండు తరగతులవుతుంది. ఎప్పుడు వేయాలి? అక్కడే మా అవ్వ. తట్ట మీద అరచెయ్యి ఆడించి, వంగి చూసి "ఇంకొక పూట" అంటుంది. లేదా "ఊ" అంటుంది. సెరికల్చర్ ఆఫీసు నుంచి వచ్చే సార్ కూడా ఆమె ముఖం వైపు చూసి ఆ తరువాతే చెబుతాడు. మా ఊళ్ళో పదిహేను ఇళ్ళలో మొదటి తట్ట మీద మొదటి పిడికెడు ఆకు మా అవ్వ చేతనే వేయిస్తారు. చెయ్యి మంచిదని. ఆమె పోయి వేసి, ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకొని వస్తుంది. ఆ రోజు ఆమె నడక వేరేగా ఉంటుంది.

బెంగళూరులో మా చిన్నాయన వాళ్ళుండేది మూడో అంతస్తు. మా అవ్వ అక్కడ ఉండి వచ్చింది, పోయిన ఏడు, కన్ను ఆపరేషన్‌కు, ఇరవై రోజులు. అందరూ బాగానే చూసుకున్నారు. వేడి నీళ్ళు, టీవీ, మెత్తని పరుపు. తిరిగి వచ్చినాక ఎట్లుండింది అవ్వా అంటే "బాగుండాది" అంది. మళ్ళీ పోతావా అంటే ఆమె చెప్పిన మాట నేను నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. "ఆడ నాకేం పని ఉండాది మే? పనిలేని చోట నాలుగు దినాలు ఉంటే చుట్టం. ఆ పైన ఉంటే బరువు."

మన పల్లె రచనలలో నాకు దొరకనిది ఇదే. పట్నానికి పోతే మనిషికి చెట్టు, గాలి, నక్షత్రాలు పోతాయని రాస్తాం. అవి పోతే మనిషి బతుకుతుంది. ఒక మనిషి దగ్గర యాభై ఏళ్ళుగా చేరిన ఒక తెలివి ఉంటుంది, దాన్ని అడగడానికి చుట్టూ పదిహేను ఇళ్ళు ఉంటాయి. ఊరు వదిలితే ఆ అడిగేవాళ్ళు పోతారు. మా అవ్వ ఆరోగ్యానికి బెంగళూరులో ఆస్పత్రి దగ్గర, నిజమే. కానీ అక్కడ ఆమె ఒక ముసలామె. ఇక్కడ ఆమె ఒక ఆఫీసరు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఏనుగులు. నవ్వవద్దు. ప్రతి ఏడూ రాగులు కోతకు వచ్చే కాలానికి బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగుల మందలు సరిహద్దు దాటి మా జవళగిరి వైపు వస్తాయి. వాటికి సరిహద్దు తెలియదు, రాగులు తెలుసు. ఆ నెలా రెండు నెలలు ఊళ్ళో ఎవరూ సరిగా నిద్రపోరు. మంచెల మీద కావలి, టపాకాయలు, డబ్బాల మోత. ఈ నడుమ వాట్సప్‌లో "గుట్ట కింద ఆరు, పిల్లతో" అని వస్తుంది. ఇది అందమైన సంగతి కాదు. ప్రాణాలు పోయిన ఇళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నాయి, ఒక్క రాత్రిలో ఏడాది తిండి పోయిన ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి. నేను ఏనుగులను ప్రేమించడం చెన్నై వచ్చి డాక్యుమెంటరీలు చూశాకే నేర్చుకున్నాను. ఊళ్ళో భయమే.

అయితే ఆ రాత్రుల్లో ఊరంతా మేలుకొని ఉంటుంది. ఆడవాళ్ళు మా ఇంటి ముందు అరుగు మీద చేరతారు, పెద్ద గిన్నెలో అనపకాయలు ఉడుకుతూ ఉంటాయి. మగవాళ్ళు చేను దగ్గర. మామూలు రోజుల్లో గట్టు తగాదాతో మాట్లాడుకోని రెండు ఇళ్ళవాళ్ళు ఒకే మంట దగ్గర కాచుకుంటారు. తెల్లవారినాక మళ్ళీ మాట్లాడుకోరు, అది వేరే సంగతి. మొన్న వానలకు మా హాస్టల్ వీధిలో మోకాలి లోతు నీళ్ళు వచ్చి రెండు రాత్రులు కరెంటు లేనప్పుడు కింది అంతస్తు ఆంటీ మాకు ఇడ్లీలు పంపింది. అప్పుడు మాత్రం నాకు మా అరుగు గుర్తొచ్చింది. కాబట్టి పట్నంలో అది లేదనను. నీళ్ళు వస్తే తప్ప కనిపించదు, అంతే.

మాటల సంగతి. ఇక్కడికి వచ్చిన కొత్తలో క్లాసులో నేను నోరు తెరిస్తే వెనక బెంచీలో నవ్వేవాళ్ళు. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మాయి "నువ్వు మాట్లాడేది తెలుగేనా?" అని అడిగింది, చెడ్డ ఉద్దేశంతో కాదు, నిజంగానే అనుమానంతో. నేను ఎర్రగడ్డ అంటే ఆమెకు అర్థం కాలేదు. ఉల్లిపాయట. ఉర్లగడ్డ అంటే బంగాళదుంపట. పదో తరగతి దాకా మొదటి భాష తమిళంగా చదివి, తెలుగు ఇంట్లోనూ వారానికి రెండు పీరియడ్లలోనూ నేర్చుకున్నదాన్ని. తెలుగు శాఖలో చేరింది కూడా ఆ ఆశతోనే, ఇక్కడ నా మాట నాకు మిగులుతుందని. మొదటి సంవత్సరం నేను చేసింది నా మాటలను ఒక్కొక్కటిగా మార్చుకోవడం. ఎర్రగడ్డ పోయి ఉల్లిపాయ వచ్చింది, 'ఉండాది' పోయి 'ఉంది' వచ్చింది. ఇప్పుడు ఈ వ్యాసం చదువుతున్న మీకు పెద్దగా ఇబ్బంది లేదంటే నేను బాగానే నేర్చుకున్నట్టు.

మన శాఖ గ్రంథాలయంలో బ్రౌన్ నిఘంటువు ఉంది కదా, 1852లో ఈ మద్రాసులోనే మొదట అచ్చయినది. ఒక మధ్యాహ్నం మా అవ్వ మాటలు కొన్ని కాగితం మీద రాసుకొని పోయి వెతికాను. కొన్ని దొరికాయి. దొరికినప్పుడు నాకు ఎంత గర్వమయిందో చెప్పలేను, ఎవరో మా అవ్వను సభలో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు. కొన్ని దొరకలేదు. దొరకనివి ఎక్కడున్నాయి మరి? మా ఊళ్ళో పదిమంది నోట్లో ఉన్నాయి. వాళ్ళు వాడే పనిలో ఉన్నాయి. పని పోతే మాట నిలబడదు. మా చిన్నాయన పిల్లలిద్దరూ బెంగళూరులో పుట్టారు, కన్నడం, ఇంగ్లీషు గడగడా మాట్లాడతారు. తెలుగు అర్థమవుతుంది. వాళ్ళకు గెనిమ అంటే ఏమిటో చెప్పాలని ఒకసారి చూశాను. రెండు మళ్ళ నడుమ మట్టి గట్టు అన్నాను. మడి అంటే? అన్నారు. అక్కడితో ఆపేశాను. వాళ్ళ తప్పేమీ లేదు. గెనిమ మీద జారి పడనివాడికి ఆ మాట ఎందుకు?

మా మూడెకరాల ఇరవై సెంట్లకు ప్రభుత్వ కాగితాల్లో రెండు సర్వే నంబర్లు, వాటి కింద సబ్ డివిజన్లు. మాకు మాత్రం అవి నంబర్లు కావు. బావి మడి, చింతమాను కయ్య, రాళ్ళ దిన్నె, పెద్దమ్మ తుండు. పెద్దమ్మ తుండు ఎందుకన్నారంటే మా తాత వాళ్ళ పెద్దమ్మ, మొగుడు పోయినాక, ఆ తుండులో ఒంటరిగా గుడిసె వేసుకొని నలభై ఏళ్ళు ఉలవలు పండించుకొని తిన్నదట. ఎవరికీ చెయ్యి చాచలేదట. ఆమె పేరు మీద పట్టా లేదు, ఫోటో లేదు. ఆ తుండు పేరు ఒక్కటే ఉంది. అగ్రిమెంటు కాపీ నాయన నాకు వాట్సప్‌లో పంపించాడు, తమిళంలో ఆరు పేజీలు. తూర్పున ఫలానా, పడమటన ఫలానా అని హద్దులన్నీ ఉన్నాయి. పెద్దమ్మ లేదు. లేఅవుట్ వేసినాక అక్కడ ఫస్ట్ క్రాస్, సెకండ్ క్రాస్ వస్తాయి.

నేను నాయనకు ఏం చెప్పానో రాయకపోతే ఇదంతా ఊరికే ఏడుపు అవుతుంది, కాబట్టి రాస్తాను. పై రెండెకరాల చిల్లరకు సంతకం పెడతానన్నాను. మా తమ్ముడి చదువు ఉంది, బోరు కోసం చేసిన అప్పు ఉంది. మూడు బోర్లు వేస్తే రెండు ఎండినవే. ఆ కష్టం తెలియక కాదు. కానీ బావి మడి, ఇల్లు, పురుగుల కొట్టం, దాని పక్కన అర ఎకరం తోట, వీటికి అవ్వ ఉన్నంత కాలం పెట్టను అన్నాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. లైను కట్ అయిందేమో అనుకున్నాను. తరువాత "సరే, ఆలోచిస్తాం" అన్నాడు. కోపంగా అనలేదు. నాకైతే ఆ గొంతులో కొంచెం నెమ్మది కూడా వినిపించింది. అది నా ఆశ కూడా కావచ్చు.

ఒప్పుకోనిది మా అమ్మ. ఫోను నాయన చేతిలో నుంచి లాక్కొంది. ముందు తమిళంలో తిట్టింది, తిమురు అంది, చదువుకున్న పొగరు అని. తరువాత తెలుగులోకి వచ్చింది. అమ్మ తెలుగులో మాట్లాడితే అది కోపం కాదు, వాదన. "నీకేం పాపా. దీవాళికి నాలుగు దినాలు, పొంగలికి నాలుగు దినాలు వస్తావు. ఆకు కోసేది ఎవరు? కొమ్మలు మోసేది ఎవరు? కడపటి వారం రాత్రి రెండింటికి లేచి మేత వేసేది ఎవరు? మీ అవ్వ చెయ్యి మంచిదే. ఆ చేతికి ఆకు అందించిన చెయ్యి ఎవరిదో నువ్వు చూసినావా?"

చూశాను. చూడలేదు అనలేను. ఇరవై ఏట ఆ ఇంటికి వచ్చి, భాష తెలియక, పురుగుల మధ్యే తెలుగు నేర్చుకున్న మనిషి మా అమ్మ. ఆమెకు మొదట వచ్చిన తెలుగు మాటలు ఆకు, తట్ట, జ్వరం. ఆమె వేలి సందులు సున్నానికి తెల్లగా పగిలి ఉంటాయి. ఇరవై ఏళ్ళలో పురుగులు మేస్తున్నాయని తన తమ్ముడి పెళ్ళికి ముందు రోజు పోలేకపోయింది, ముహూర్తానికి పోయి భోజనానికి వచ్చేసింది. బెంగళూరు అంటే ఆమెకు మాల్ కాదు, మెట్రో కాదు. రాత్రి పదింటి నుంచి తెల్లవారి ఆరింటి దాకా ఎవరూ లేపని నిద్ర. "నువ్వు ఏం పోగొట్టుకుంటావు అమ్మా?" అని అడిగాను. వెంటనే చెప్పింది, "నడుము నొప్పి."

అప్పుడు అర్థమయింది నాకు, ఒకే ఇంట్లో ఒకే భూమిని అమ్మితే అవ్వ పోగొట్టుకునేదీ అమ్మ పోగొట్టుకునేదీ ఒకటి కాదు. అవ్వ దగ్గర అధికారం ఉంది, అమ్మ దగ్గర పని మాత్రమే ఉంది. నేను ఊరి గురించి బాధపడేటప్పుడు ఎవరి ఊరి గురించి బాధపడుతున్నాను? అమ్మ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కూలికి ఒక మనిషిని పెట్టుకుందాం, అర ఎకరం తోటే కదా, ఏడాదికి నాలుగు పంటలకు బదులు రెండే చేద్దాం, అన్నాను. "కూలికి మనిషి ఎక్కడ దొరుకుతాడు, అందరూ ఫ్యాక్టరీ వ్యాను ఎక్కి పోతా ఉండారు" అంది. అదీ నిజమే. అయినా నా మాట మీదే ఉన్నాను. మొండితనం అంటే అనండి. అవ్వకు మిగిలినవి ఇంకెన్ని పంటలు? అమ్మ నిద్రకు నేను ఇవ్వగలిగింది ఒకటే. వేసవి సెలవులు రెండు నెలలు నావే, ఆ రెండు నెలలు రాత్రి మేత నేను వేస్తాను, నువ్వు ధర్మపురి పోయి పడుకో అన్నాను. ఆమె నవ్వింది, నమ్మి నవ్విందో నమ్మక నవ్విందో తెలియదు.

మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి అవ్వ. ఆమెకు సంతకాల సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమెకు అంతా తెలుసు. ఆ మాటే ఎత్తలేదు. "నాలుగో జ్వరం లేచినాయి మే, ఇను" అని ఫోను తట్టల దగ్గర పెట్టింది. నేను స్పీకర్ వేశాను. కడపటి దశలో అన్నీ ఒక్కసారి మేస్తుంటే వచ్చే చప్పుడు అది. నా రూమ్మేట్ చదువుతున్న పుస్తకం నుంచి తల ఎత్తి "మీ ఊళ్ళో వానా?" అని అడిగి, లేచి పోయి తీగ మీద ఆరేసిన తన బట్టలు చూసి వచ్చింది.

రిజిస్ట్రేషన్ ఎప్పుడో ఇంకా తేలలేదు. తేలేలోగా నేను చేయగలిగిన పని ఒకటుంది, అది మొదలుపెట్టాను. మా మళ్ళ పేర్లు, ఏ పేరు ఎందుకు వచ్చిందో, అవ్వను అడిగి రాసుకుంటున్నాను. పక్క చేలవి కూడా. ఇప్పటికి ఇరవై ఆరు అయ్యాయి. మీలో ఎవరింట్లోనైనా, మీ ఊళ్ళో కాకపోతే మీ తాతల ఊళ్ళో, పొలాలకు పేర్లుంటే కనుక్కొని రాసి ఇవ్వండి. కోస్తా అయినా, సీమ అయినా, ఉత్తర ఆర్కాటు అయినా పరవాలేదు, తమిళంలో ఉన్నా పరవాలేదు. వచ్చే సంచికలో ఒక చార్టు నిండా వాటినే రాద్దాం. మేడమ్ ఒప్పుకున్నారు. చార్టు, స్కెచ్ పెన్నులు నేను కొంటాను. రూమ్ నంబర్ పద్నాలుగు, సాయంత్రం ఆరు తరువాత ఎప్పుడైనా రావచ్చు.